బీరు ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి

నా భార్య వినాయక చవితికి బీరు కలిసిన పిండితో ఇడ్లీలు పెట్టిందని ఇక్కడి తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. బీరు కలవలేదు. ఆ పిండి అక్కడ పెట్టింది ఆమె కాదు, నేను.

సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌కి కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు పాతదాన్ని పారేయనివ్వలేదు. మన ఇంట్లో మనం తాగడానికి బీరు చేసుకోవడం ఈ దేశంలో నేరం కాదు. కానీ ఇక్కడి వేడికి పులిస్తే పెయింటు థిన్నర్ వాసన వస్తుంది. అందుకని ఫ్రిజ్ అరలు పీకేసి, అడుగున చెక్క వేసి, బీరు డబ్బా దింపాను. ప్లగ్గుని చిన్న కంట్రోలర్‌కి తగిలించి, దాని సెన్సర్ వైరుని డబ్బాకి టేపుతో అంటించాను. డబ్బా వేడెక్కితే ఫ్రిజ్ ఆన్ అవుతుంది, చల్లబడగానే ఆగిపోతుంది. నా చేతులతో చేసిన పనుల్లో ఇంత బాగా కుదిరింది మరొకటి లేదు. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

చవితికి ఇక్కడి తెలుగువాళ్ళం అందరం మా ఇంట్లోనే కలుస్తాం. ముందురోజు నా భార్య రెండు గిన్నెల పిండి రుబ్బింది. సాయంత్రానికే పొంగింది. తెల్లారేదాకా బయట ఉంచితే పుల్లట్లకి తప్ప పనికిరాదు. వంటింటి ఫ్రిజ్‌లో కూరలు, పాలు, పూలదండలు. వేలు పెట్టే సందు లేదు. ఆమె పత్రి కొనడానికి లిటిల్ ఇండియా వెళ్ళినప్పుడు గిన్నెలకి మూతలు పెట్టి బీరు డబ్బా పక్కన సర్దాను. వచ్చి "పిండేదీ?" అంటే, "చల్లగా ఉండేచోట పెట్టానులే" అన్నాను. పొద్దున్నే ఒక గిన్నె తీసి స్టవ్ పక్కన ఉంచాను.

ఇడ్లీలు దూదిలా వచ్చాయి. రెండో గిన్నె వెతుకుతూ, సాయానికొచ్చిన ఆంటీ పాత ఫ్రిజ్ తెరిచింది. ఆవిడ మా అందరిలో పెద్ద, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి.

"ఇదేంటి, బుడబుడమంటోంది?"

"మా ఆయన బీరు, ఆంటీ" అంది నా భార్య.

"పండగ పూట బీరు పక్కన పెట్టిన పిండితోనా అమ్మాయ్, మాకు ఇడ్లీలు పెట్టావ్?"

నా భార్య నా వైపు చూసింది. మా అమ్మాయి సింగపూర్ యాసలో "నాన్నా, సే సంథింగ్ లా" అంది. నేను చట్నీ వడ్డిస్తూ ఉండిపోయాను.

నా భార్య చేసే ఇడ్లీ లేనిదే పండగ కాదన్నవాళ్ళే ఉగాదికి "నువ్వు పేపర్ ప్లేట్లు తే చాలమ్మా" అన్నారు. తెచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మళ్ళీ చవితికి పనులు పంచుకోవడానికి ఆంటీ వాళ్ళింట్లో అందరం కూర్చున్నప్పుడు చెప్పేశాను.

"ఆంటీ, ఆ పిండి అక్కడ పెట్టింది నేను. తనకి తెలీదు. గిన్నెలకీ మూతలున్నాయి, డబ్బాకీ మూత ఉంది. మీరే నాలుగు తిని ఇంకోటి వేయించుకున్నారు."

అందరూ నవ్వారు.

"తిన్నానయ్యా, కాదన్నానా?" అంది ఆంటీ. "మరి ఆ రోజు నోరు పెగల్లేదేం?"

"మీరంటే భయం. నోరు మూసుకోవడం నా తప్పే. ఫ్రిజ్ మాత్రం తప్పు కాదు. అది అక్కడే ఉంటుంది."

ఆంటీ నా భార్య వైపు తిరిగింది. "సరేనమ్మా, ఈసారి ఇడ్లీలు నువ్వే చెయ్యి. ఆ ఫ్రిజ్ జోలికి మాత్రం పోకు."

"చేస్తాను" అంది ఆమె. "పిండి ఆ ఫ్రిజ్‌లోనే పెడతాను. ఈసారి నేనే పెడతాను. ఇష్టమైనవాళ్ళే తినండి."

ఆంటీ పనుల చీటీలో ఇడ్లీల పక్కన ఆమె పేరు రాసింది.

"నాకు మెత్తగా ఉండాలి, తెలుసుగా" అంది.