మాధవరం దాటని బండి

ఎమ్మిగనూరు చుట్టుపక్కల పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు దాహమైతే ఊరికే నీళ్లు అడగరు. లేని ఆయాసం తెచ్చుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని "నీళ్లియ్యప్పా!" అంటారు. బిందె తెచ్చేది ఆడమనిషైనా సరే, "అప్పా" అనే అంటారు. పెళ్లి భోజనాల దగ్గరా అంతే. ఇదంతా సుంకులమ్మ పుణ్యం. ఆమెకు మాత్రం ఆ మాట చెవిన పడితే ఒళ్లు మండుతుంది.

సుంకులమ్మది ఆదోని. పత్తి మిల్లులో కూలి. వయసులో ఉన్నప్పుడు జయన్న డప్పు వాయిస్తుంటే పాడేది. ఇద్దరూ కలిసి ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒక క్యాసెట్టు చేశారు. శ్రావణ మాసంలో ఉరుకుందకు పోయే ప్రతి ట్రాక్టరులోనూ అదే మోగేది. అందులో జనానికి ప్రాణం ఊర్ల పాట. పాటంటే రాగం పెద్దగా లేదు, డప్పు మీద మాటలు పరుగెత్తడమే. దేవనకొండలో బండి కడతారు. గోనెగండ్ల, ఎమ్మిగనూరు, మధ్యలో చిన్నాపెద్దా పల్లెలన్నీ, ఒక్కో ఊరిని ఒక్కో ఎత్తిపొడుపు పొడుస్తూ, మాధవరం మీదుగా పోయి 'ఉరుకుంద' అన్న మాట దగ్గర ఆపాలి. అంతా ఒక్క ఊపిరిలో. అదీ దాని గొప్ప.

రికార్డింగు ఆదోనిలో ఒక బట్టల కొట్టు మీది గదిలో జరిగింది. మోత వస్తుందని ఫ్యాను ఆపేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. మంచి ఎండాకాలం. మాధవరం దాకా వచ్చి సుంకులమ్మకు ఊపిరాడలేదు. "నీళ్లియ్యప్పా" అంది, పక్కనున్న జయన్నతో. అదీ టేపులోకి ఎక్కింది. మళ్లీ తీయడానికి రికార్డింగు అతనికి ఓపిక లేదు. "పోనీలేక్కా, ఎవురింటారు" అన్నాడు.

అందరూ విన్నారు. ఉరుకుంద పేరు లేని ఉరుకుంద పాట అలా ఊరూరా తిరిగింది.

ఆ ట్రాక్టర్లలో పెరిగిన పిల్లలకు ఇప్పుడు తల నెరుస్తోంది. వాళ్లలో ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఉమేష్ ఒకడు. ఆ క్యాసెట్టునంతా మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరుస మారకుండా, వేదిక మీద పాడించాలని అతనికి బుద్ధి పుట్టింది. ఆదోనికి వచ్చి సుంకులమ్మను అడిగాడు.

"ఆ నీళ్ల మాట మాత్రం మర్సిపోవద్దక్కా. జనం దానికే వస్తారు."

"ఈ తూరి అనను. బండి ఉరుకుంద సేరతాది, సూడు."

ఉమేష్ నవ్వాడు. ఆమె వేళాకోళమాడుతోందనుకున్నాడు.

మిల్లులో యంత్రాల మోతకు పక్కవాళ్ల మాట వినపడదు. సుంకులమ్మ ఆ మోతలోనే సాధన చేసింది. దూది దుమ్ము గొంతులో పడకుండా కొంగు ముక్కుకు కట్టుకుని, పెదాల కింద ఊర్లు నడిపించేది. మొదట్లో గోనెగండ్ల దగ్గరే దగ్గు వచ్చేది. తర్వాత మాధవరం. ఒకరోజు ఉరుకుంద చేరింది. మర్నాడూ చేరింది. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది. పక్కామె కంట్లో నలక పడిందేమో అనుకుంది.

కార్యక్రమం ఎమ్మిగనూరులో సంత మైదానంలో, పొద్దు వాలాక. జయన్న జుట్టుకు రంగు వేసుకుని వచ్చాడు. జనం విరగబడ్డారు. ఏ పాట తర్వాత ఏది వస్తుందో వాళ్లకు పాడేవాళ్ల కంటే బాగా తెలుసు. బొజ్జలు పెరిగిన మగవాళ్లు ఫోన్లు పైకెత్తి పట్టుకుని చిన్నపిల్లల్లా ఎగిరారు.

ఊర్ల పాట మొదలైంది. దేవనకొండలో బండి కదిలింది. గోనెగండ్ల దాటింది. ఎమ్మిగనూరు పేరు రాగానే ఈలలు. సుంకులమ్మ కళ్లు మూసుకుంది. గొంతు తడిగా ఉంది, ఊపిరి ఇంకా మిగిలుంది. మాధవరం వచ్చింది.

"నీళ్లియ్యప్పా!" అని మైదానమంతా ఒక్కసారిగా అరిచింది.

ఆ అరుపులోనే సుంకులమ్మ 'ఉరుకుంద' అంది. ఒక్క ఊపిరిలోనే అంది. మైకులో అంది. ఎవరికీ వినపడలేదు. అంతలో ఉమేష్ నీళ్ల సీసా పట్టుకుని వేదిక మీదికి పరుగెత్తుకొచ్చాడు. ముందే అనుకున్న తమాషా అది.

"దప్పిగ్గా లేదప్పా" అంది సుంకులమ్మ.

జనం ఇంకా నవ్వారు.

వేదిక దిగాక జయన్న దగ్గరికొచ్చాడు. "సేరినావులే సుంకులమ్మా. నేనిన్నా."

"నువ్విని ఏం లాభమప్పా" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉమేష్ ఆనందంతో ఊగిపోతూ వచ్చాడు. వచ్చే శ్రావణంలో ఉరుకుంద తిరునాళ్లలో ఇదే ఆట ఇంకోసారి వెయ్యాలన్నాడు. సుంకులమ్మ చేతిలో సీసా అలాగే ఉంది, మూత కూడా తీయలేదు.

"వస్తా. ఊర్ల పాట ఎత్తుకునే ముందర జనానికంతా నీళ్లు పంచు. ఒక్కొక్కరూ నోటి నిండా పోసుకోవాల. నేను ఉరుకుంద సేరేదాకా ఎవురూ మింగగూడదు."

ఉమేష్ పగలబడి నవ్వాడు. సుంకులమ్మ సీసా అతని చేతిలో పెట్టి, ఆదోని బస్సు కోసం బస్టాండు వైపు నడిచింది.