నొప్పి చెప్పని కాలు

చెప్పుల కొలత కోసం తవిటయ్య నీలిమందు నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, పోతమ్మ అరికాలికి మెల్లగా అద్దాడు. మడమ నుంచి వేళ్ళ దాకా ఎక్కడా ఖాళీ వదల్లేదు. చిటికెన వేలు ఉండాల్సిన చోట అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి, పక్కకు జరిగింది.

"లెగిసి ఈ అట్ట మీద నిలబడప్పా. గోడ పట్టుకోకు. గంప నెత్తినెట్టుకున్నట్టే నిలబడాల."

"గంప దించి ఐదు నెల్లయింది. ఎలా నిలబడీదాన్నో మర్సిపోనాను" అంది పోతమ్మ.

కోడలు ఆశ చేపల గంపలో సగానికి ఇసుక పోసి తెచ్చి అత్త నెత్తిన పెట్టింది. జాలరిపేటలో నలభై ఏళ్ళు చేపలు మోసిన మెడ ఆ బరువు తగలగానే నిటారుగా లేచింది. పది అంకెలు లెక్కపెట్టి తవిటయ్య గంప దించాడు. అట్ట మీద పాదం నీలంగా పడింది. రెండు చోట్ల మాత్రం నీలం నల్లగా దిగింది. ఒకటి బొటనవేలి మొదట్లో, రెండోది పోయిన వేలి మొదట్లో.

"బరువంతా ఈ రెండు సోట్లా పడతంది. ఇలాగే తిరిగితే కాయ కాసీత్తాది."

"ఇంకా కాసేదేటి, కాసీసింది. సూడు." పోతమ్మ కాలు తిప్పి చూపించింది. పసుపు రంగులో గట్టిపడిన చర్మం, రూపాయి బిళ్ళంత. "దీన్ని కూడా ఓపాలి బ్లేడెట్టి తీసీ. ఆస్పత్రిలో బ్లేడొద్దన్నారు గానీ, నీ సేతిలో నొప్పే తెల్దు. పేట పెద్దింట్లో ఇద్దరు ఆడోల్లకీ అదే సెప్పినాను. ఆల్లకీ సుగరే. రేపు నీ బడ్డీకాడికొత్తారు."

తవిటయ్య అట్ట వంకే చూస్తూ కూర్చున్నాడు. ఐదు నెలలుగా ఆ మెచ్చుకోలు ఎక్కడ విన్నా అతనికి అన్నం సహించడం లేదు.

అతనిది విజయనగరం పక్క పల్లె. పాతికేళ్ళప్పుడు ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కూలికి వచ్చాడు. కాంట్రాక్టరు ఇచ్చిన ఇనుప ముక్కు బూట్లు ఒక నంబరు చిన్నవి. ఏడాది తిరక్కుండా రెండు పాదాలకీ ఆనెకాయలు లేచాయి. మందు పట్టీలు వేశాడు. కోసుకున్నాడు. కోసిన నెలకే మళ్ళీ వచ్చేవి. ఒకరోజు విసుగెత్తి కాలు వదిలేసి బూటు కోశాడు. ఆనెకాయ ఆనే చోట లోపలి అట్టను గుంటగా చెక్కి మళ్ళీ తొడుక్కున్నాడు. రెండు నెలల్లో కాయ దానంతట అదే మెత్తబడి పోయింది. ఒత్తిడి తీసేస్తే ఆనెకాయను తీయక్కర్లేదన్న సంగతి అలా తెలిసింది. తోటి కూలీలు ముందు నవ్వారు, తర్వాత వరసగా బూట్లు పట్టుకొచ్చారు. కాంట్రాక్టు అయిపోయాక జాలరిపేట మలుపులో చెప్పుల బడ్డీ పెట్టుకున్నాడు.

చేపలమ్మే ఆడవాళ్ళు చెప్పులు వేసుకోరు. గంప నెత్తిన ఉండగా తడి ఇసుకలో చెప్పు ఇరుక్కుంటే మనిషితో పాటు సరుకూ పోతుంది. వాళ్ళకు కావలసింది బ్లేడు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టించి పొర మీద పొర తీసేవాడు. కాలి వేలు ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ ఆపాలన్నది అతను పెట్టుకున్న కట్టుబాటు. చెయ్యి చల్లనిదని పేరొచ్చింది. తను కనిపెట్టిన సంగతి పేటలో ఎవరికీ చెప్పకుండా, ఆ పేరు కోసం బ్లేడు పడుతూ పోయాడు.

పోతమ్మ చిటికెన వేలి మీది ఆనెకాయ తీసిన రోజున ఆ వేలు ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. తెల్లపొర పోయి గులాబీ రంగు కనిపించింది. అయినా ఆమె పక్కింటి పెళ్ళి కబుర్లు చెబుతూనే ఉంది. అది తన పనితనమే అనుకుని ఇంకో పొర తీశాడు. నెత్తురు చుక్క కనిపిస్తే పసుపు అద్దాడు. సుగరుందా అని అడగలేదు. పదిహేను రోజులు ఆమె ఆ కాలితోనే చేపల నీళ్ళలో తిరిగింది. వేలు నల్లబడింది.

ఆసుపత్రిలో వేలు తీసేశాక దెబ్బ ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగింది. పడవల కాడ ఆల్చిప్ప కోసుకుని ఉంటుంది, తెలియలేదంది పోతమ్మ. సుగరున్న వాళ్ళకు పాదంలో నొప్పి తెలియడం చచ్చిపోతుందనీ, బ్లేడు గానీ ఆనెకాయ మందుపట్టీ గానీ దగ్గరికి రానివ్వకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. ఉత్తి కాళ్ళతో తిరిగి మళ్ళీ పుండు పడితే ఈసారి పాదమే తీయాల్సి వస్తుందంది. బత్తాయిల సంచీ పట్టుకుని మంచం పక్కనే నిలబడ్డ తవిటయ్య ఆ మాటలన్నీ విన్నాడు. సంచీ పెట్టేసి వచ్చేశాడు.

ఇప్పుడు మరో ఇద్దరు సుగరు మనుషులు రేపు వస్తారట.

"ఆల్చిప్ప కాదప్పా" అన్నాడు, తల ఎత్తకుండా. "నా బ్లేడే. ఆ దినం రగతం వచ్చింది. పసుపెట్టీసి నీకు సెప్పనేదు. ఆస్పత్రిలోనూ సెప్పనేదు."

గంపలోని ఇసుక ఒంపుతున్న ఆశ చేతులు ఆగిపోయాయి.

"ఐదు నెల్లు మా అత్త తన కళ్ళనే తిట్టుకుంది మావా, ఆల్చిప్ప సూసుకోనేదని" అంది.

పోతమ్మ కాలు ఒళ్ళోకి లాక్కుంది. పాదానికి అంటిన నీలాన్ని చీరకొంగుతో తుడుచుకుంది.

"నీ సేతిలో నొప్పి తెల్దని పేటంతా సాటినాను. నా కాలే సచ్చిందన్నమాట."

"అవునప్పా."

"సర్లే. అట్ట అట్టుకెల్లి ఆ సెప్పులేవో కుట్టు."

తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు వచ్చిన ఇద్దరికీ బ్లేడు తీయలేదు. కోయకూడదని చెప్పి, ఎందుకో చెప్పి, పాదాల కొలత మాత్రం తీసుకున్నాడు. తర్వాత మూడు రోజులు పోతమ్మ చెప్పుల మీదే ఉన్నాడు. సుగరు వాళ్ళ చెప్పులకు వాడే మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు రెండు పొరలు అతికించాడు. అట్ట మీద నల్లగా దిగిన రెండు చోట్లా పై పొరను గుంట చెక్కి, అంచులు గాజుపేపరుతో వేలికి తగలనంత నున్నగా రుద్దాడు. వేళ్ళ మధ్య పట్టీ రాసుకుంటుంది కనుక అది పెట్టలేదు. ఇసుకలో జారిపోకుండా మడమ వెనక ఒకటి, పైన వెడల్పుగా ఒకటి, అంటించి తీసే పట్టీలు కుట్టాడు. పోయిన వేలి చోట మెత్తటి దిండు పెట్టాడు. మేకు ఒక్కటీ వాడలేదు.

నాలుగో రోజు పొద్దున్నే పోతమ్మ అవి తొడుక్కుని, సగం గంపతో పడవల దాకా నడిచి తవిటయ్య దగ్గరికి తిరిగి వచ్చింది.

"ఎక్కడైనా ఒత్తుతందా?" అని అడగబోయి ఆగాడు. ఆ కాలు చెప్పదు. చెప్పు విప్పి పాదాన్ని వెలుగులోకి తిప్పి వేలు వేలూ చూశాడు. మడమ పక్కన పట్టీ కుట్టు ఆనిన చోట సన్నటి ఎర్రగీత కనిపించింది. అక్కడే కూర్చుని కుట్టు విప్పాడు, గుడ్డ మడత పెట్టి మళ్ళీ కుట్టాడు. గీత పోయేదాకా ఆగి, ఇంకోసారి నడిపించి చూశాడు. ఎరుపు లేదు.

జేబులోంచి చిన్న అద్దం తీసి, అత్త వెంట వచ్చిన ఆశకు ఇచ్చాడు. "రోజూ సాయంత్రం అరికాలు ఇందులో సూడమ్మా. ఎర్రగుంటే బేగి డాక్టరమ్మ కాడికెల్లండి. కాయ మెల్లిగా అదే తగ్గుతాది. ఎవుల్నీ కొయ్యనీకు."

ఆశ అద్దం తీసుకుంది. అతని ముఖం చూడలేదు.

తవిటయ్య చెప్పులకు అంటిన ఇసుక దులిపి పోతమ్మ చేతికిచ్చాడు. ఆమె ఒకటి తిరగేసి, లోపలి గుంటలో బొటనవేలు పెట్టి తడిమింది.

"ఈ పని ముందే సేసుంటే ఏలు దక్కీది కదరా" అంది.

చెప్పులు కింద పెట్టి, వంగి, పట్టీలు తనే బిగించుకుంది.