నేను కట్టనన్న హ్యాండ్లింగ్ ఛార్జీ

మా పాపకు పుట్టుకతోనే అంగిలిలో చీలిక ఉంది. పెదవి మామూలుగానే ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. బుగ్గ పుణికి ముద్దు పెట్టుకుని వెళ్తారు. నోరు తెరిచి ఏడ్చినప్పుడే పైన ఆ సందు కనిపిస్తుంది. దానివల్ల పాలు పీల్చలేదు. నా దగ్గర తాగలేదు, సీసాతోనూ తాగలేదు. ఉగ్గుగిన్నెతో దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పోయాలి. పోసినదాంట్లో కొంత ముక్కులోంచి వెనక్కి వచ్చేది. పోసినంతసేపూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. సగంలోనే పాప అలసిపోయి నిద్రపోయేది.

బరువు పెరిగితేనే ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. బరువు పెరగాలంటే పాలు లోపలికి పోవాలి కదా. ఇలాంటి పిల్లల కోసమే చేసిన సీసా ఒకటి ఉందని, చిగుళ్ళతో నొక్కితే చాలు పాలు వస్తాయని తెలిసింది. గవర్నరుపేటలో మందుల షాపులన్నీ తిరిగాం, ఎక్కడా లేదు. చివరికి విదేశీ షాపు ఒకదాంట్లో ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. సీసా ధర, పోస్టేజీ అప్పుడే కట్టేశాను. మధ్యలో కస్టమ్స్ వాళ్ళకు ఆధార్ కావాలంటే అదీ పంపాను.

డబ్బా పటమటలో మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. తెచ్చిన కొరియర్ అతను మాత్రం దాన్ని చంకలోంచి తియ్యలేదు.

"డ్యూటీ కట్టాలండి," అంటూ ఫోను చూపించాడు.

సుంకం ఉంటుందని నాకు తెలుసు. దానికింద ఇంకో వరస ఉంది. హ్యాండ్లింగ్ ఛార్జీ, దానిమీద మళ్ళీ జీఎస్టీ. అది సుంకం కన్నా ఎక్కువ.

"పైది కడతానండి. ఈ రెండోది ఏంటి?"

"మీ బదులు కంపెనీ ముందే కస్టమ్స్ వాళ్ళకి కట్టిందిగా మేడం. అందుకని."

"కట్టమని నేను అడిగానా? ఒక్క ఫోను చేస్తే నేనే కట్టేదాన్నిగా?"

"నన్నడిగితే నేనేం చెప్తానండి. మొత్తం కడితే ఇస్తాను. లేదంటే వెనక్కి పట్టుకెళ్ళిపోవాలి."

లోపల్నించి మా అత్తగారు కేకేశారు. "ఇచ్చెయ్ అమ్మాయ్! పసిదాని వస్తువు దగ్గర బేరాలేంటి?"

మా ఇళ్ళలో ఈ పట్టింపు ఉంది. చీరల కొట్లో రెండు గంటలు బేరమాడే మా అత్తగారు, ఉయ్యాల కొన్నప్పుడు షాపువాడు చెప్పిన రేటు చెప్పినట్టు ఇచ్చి వచ్చారు. పిల్లల వస్తువుకు బేరమాడితే వాళ్ళకు అచ్చిరాదట. ఈ మాట ఎవరు పుట్టించారో తెలియదు గాని, ఇలాంటి కంపెనీలకు బాగా పనికొస్తుంది. పిల్లల పేరెత్తితే మన చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్తుంది.

కట్టలేక కాదు. పాప పుట్టినప్పట్నుంచీ నేను అందరి మాటకీ తలూపుతూ వచ్చాను. స్కానింగ్‌లో ఇలాంటివి కనపడవమ్మా అంటే సరే అన్నాను. గ్రహణం నాడు బయట తిరిగావా, కూరగాయలు తరిగావా అని చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగితే, చదువుకున్నదాన్ని అయ్యుండి తల దించుకున్నాను. నా భయం చూసి ప్రతివాళ్ళూ నాకో తప్పు అంటగట్టారు, నేను తీసుకున్నాను. అడగని పనికి కూలి ఇమ్మంటుంటే దానికి కూడా తలూపడం ఆ పూట నావల్ల కాలేదు.

"తీసుకెళ్ళండి. నేనే వచ్చి మాట్లాడతాను," అన్నాను. తలుపు వేసేశాను.

ఆ సాయంత్రం మా అత్తగారి తమ్ముడు, బాబాయిగారు వచ్చారు. ఆటోనగర్‌లో లారీల వ్యాపారం ఆయనది. మా వైపు ఏ పని పడ్డా ముందు చూసేది ఆఫీసు ఎక్కడుందని కాదు, అందులో మనవాళ్ళు ఎవరున్నారని.

"నువ్వెళ్ళడమేంటి అమ్మాయ్! ఆ కొరియర్ గోడౌన్లో మనవాడు ఉన్నాడు. డబ్బా ఎటూ పోకుండా చూడమని చెప్పేస్తా," అని అప్పటికప్పుడు ఫోను చేశారు.

నిజంగానే ఎటూ పోలేదు. 'బాబాయిగారు చెప్పేదాకా కదపకూడదు' అన్నట్టు మనవాడు దాన్ని అరలో పక్కకు పెట్టేశాడు. బాబాయిగారు గుడివాడలో పెళ్ళికి వెళ్ళి ఆ సంగతే మర్చిపోయారు. ఆ వారం ఆస్పత్రిలో తూకం వేస్తే పాప పెరగకపోగా కొంచెం తగ్గింది. ఇంటికొచ్చి, పోనీ కట్టేద్దామని ఫోను చేస్తే, పార్సిల్ నిలవ ఉంచినందుకు స్టోరేజీ ఛార్జీ కూడా పడిందని చెప్పారు.

పాపను ఎత్తుకుని, సంచిలో ఉగ్గుగిన్నె, ఫ్లాస్కు పెట్టుకుని ఆటో ఎక్కాను.

గోడౌన్ ఎనికేపాడు దాటాక హైవే పక్కన ఉంది. రేకుల షెడ్డు, ముందో చిన్న గది, గదిలో కౌంటరు. మేనేజరు నా వయసువాడే.

"గవర్నమెంటుకి కట్టాల్సింది రూపాయి తగ్గకుండా కడతాను. కస్టమ్స్ రసీదు చూపించండి," అన్నాను.

వెతికి చూపించాడు.

"ఇప్పుడు ఈ హ్యాండ్లింగ్ ఛార్జీ ఉంటుందని నాకు ముందుగా ఎక్కడ చెప్పారో చూపించండి."

"మా వెబ్‌సైట్‌లో ఉంటుందండి."

"నేను కొన్నది మీ వెబ్‌సైట్‌లో కాదు కదండీ."

"సిస్టంలో పడింది మేడం. సిస్టం ఒప్పుకోదు."

అంతలో పాప లేచి ఏడుపు అందుకుంది. కుర్చీలో కూర్చుని ఉగ్గుగిన్నె తీశాను. ఎప్పటిలాగే పాలు ముక్కులోంచి వచ్చాయి, నా చున్నీ తడిసింది. అయినా పోస్తూనే ఉన్నాను.

"ఎంతసేపు పడుతుంది మేడం?" మేనేజరు మెల్లగా అడిగాడు.

"దీంతో అయితే గంట. మీ దగ్గరున్న ఆ డబ్బాతో అయితే పావుగంట."

ఆయన ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. "ఒక లెటర్ రాసివ్వండి. పాపకి ఆరోగ్యం బాగోలేదు, మాకు ఆర్థికంగా ఇబ్బందిగా ఉంది, దయచేసి మాఫీ చెయ్యండని. పైకి పంపి తీసేయిస్తాను."

మంచివాడే. కానీ అది రాస్తే, ఇన్నాళ్ళూ దించుకున్న తలను ఈసారి కాగితం మీద దించినట్టవుతుంది.

"మాకు ఇబ్బందేం లేదండి. పాపకి జబ్బు కూడా లేదు, అంగిలి అతకాలి, అంతే. నేను అడగని పనికి డబ్బులడిగారు, నేను ఇవ్వనన్నాను. కావాలంటే అది రాసిస్తాను."

అప్పుడే ఫోను మోగింది. బాబాయిగారు.

"అమ్మాయ్, ఇప్పుడే మనవాడితో మాట్లాడా. సగానికి ఒప్పించా, కట్టేసి వచ్చెయ్!"

"బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను. మీరింక ఎవరికీ ఏమీ చెప్పకండి."

నా వెనక మంగళగిరి నుంచి వచ్చిన ఒకాయన నిలబడి ఉన్నాడు. కుట్టుమిషనుకు ఏదో పార్టు తెప్పించుకున్నాడట. ఆయన పగలబడి నవ్వాడు. మేనేజరుకు కూడా నవ్వొచ్చింది. ఎవరికో ఫోను చేసి, లోపలికి వెళ్ళి వచ్చి, చివరికి కంప్యూటరులో హ్యాండ్లింగ్, స్టోరేజీ రెండు వరసలూ కొట్టేశాడు.

"ఈసారికి తీసేశానండి. ఇది మీ ఒక్కరికే."

"అదేంటండీ, ఆవిడ ఒక్కరికే ఏంటి? మీకేమన్నా చుట్టమా?" అని మంగళగిరాయన ముందుకొచ్చాడు. "నాకూ ఎవడూ ముందు చెప్పలేదు. నాదీ తియ్యండి!"

ఆయన సంగతి ఏమైందో చూసి రావాలని ఉన్నా, పాప సగం ఆకలితో ఉంది. సుంకం కట్టి డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో సీసా మరిగించి, చల్లార్చి, పాలు పోసి పట్టాను. పాప ముందు మొహం తిప్పేసుకుంది. తర్వాత ఒకసారి నొక్కింది. పాలు రాగానే కళ్ళు పెద్దవి చేసి నా వంక చూసింది. మళ్ళీ నొక్కింది. మా అత్తగారు పక్కనే కూర్చుని, పాప మింగినప్పుడల్లా తానూ గుటక వేశారు.

బరువు పెరుగుతోంది, కానీ డాక్టరుగారు చెప్పినంత ఇంకా రాలేదు. ఆ సీసా పీకలు మెత్తగా ఉంటాయి, తొందరగా పాడైపోతాయి. అవి ఇక్కడ దొరకవు. నిన్న పాప పడుకున్నాక కొత్తవాటికి ఆర్డర్ పెట్టాను. సుంకం నేనే కట్టుకుంటాను, నా తరఫున ఎవరూ కట్టొద్దని కొరియర్ కంపెనీకి ముందే రాశాను. అలా కుదరదని, ఛార్జీ తప్పదని పొద్దున్నే జవాబు వచ్చింది. మా అత్తగారికి చదివి వినిపించాను.

"అయితే ఈసారి నేనూ వస్తాను. పాపని నేనెత్తుకుంటాలే, నువ్వు మాట్లాడుదువుగాని," అన్నారు.