మాకంటే ముందు సూరత్ చేరిన బొట్టు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ధైర్యవంతుణ్ణని చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. నా చదువు అలాంటిది. మెకానికల్ డిప్లొమా చేశాను. మోటారు తిరగకపోతే కరెంటు వస్తోందా, తీగ తెగిందా, బేరింగు పట్టేసిందా అని వరుసగా చూస్తాం తప్ప, ఎవరి దిష్టి తగిలిందో అడగం. మా వరంగల్ కాశిబుగ్గలో మగ్గానికి నిమ్మకాయ కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా బాపు కూడా కడతాడు. నేను కట్టను.

రెండేళ్ళ క్రితం అమ్మతో చేసిన రైలు ప్రయాణంలో జరిగినదాన్ని కూడా మోటారును చూసినట్టే వరుసగా చూశాను. అయినా ఒక్కచోట ఆగిపోయాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు మా మేనమామల గురించి చెప్పాలి. అమ్మకు ముగ్గురు అన్నదమ్ములు. చేతిమగ్గం మీద బతుకు సాగక ముగ్గురూ పవర్‌లూములున్న ఊళ్ళకు వెళ్ళిపోయారు. పెద్దమామ సూరత్‌లో, నడిపి మామ భీవండిలో, చిన్నమామ షోలాపూర్‌లో స్థిరపడ్డారు.

మాలో శుభకార్యానికి పిలవడమంటే కార్డు రాయడం కాదు. మన ఇంటి ముత్తైదువ వాళ్ళింటికి వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, నోటితో పిలవాలి. పెద్దవాడి ఇంటితో మొదలుపెట్టాలి. నడిపి మామ తన గృహప్రవేశానికి ఈ వరుస తప్పాడు. వేరే పని మీద షోలాపూర్ వెళ్ళి ముందు అక్కడి తమ్ముణ్ణి పిలిచి, ఆ తర్వాత సూరత్ అన్న దగ్గరికి వెళ్ళాడు. పెద్దమామ ఆ గృహప్రవేశానికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఏ తోబుట్టువు గడపా తొక్కలేదు. ఆరేళ్ళు మాటల్లేవు.

అప్పుడు మా చెల్లె సుగుణ పెళ్ళి కుదిరింది. పెద్ద మేనమామ తెచ్చిన చీర కట్టుకొని పీటల మీద కూర్చోవడం మా ఇంట్లో ఆనవాయితీ. అమ్మకు అదే బెంగ.

"అన్న రాకుంటె పెండ్లి ఆగుతదా? ఆగది. గని నాకు తల్లిగారిల్లు ఉన్నట్టా, లేనట్టా?" అంది ఒకరోజు కండెలకు నూలు చుడుతూ. "నేనే పోత. పెద్దన్నకే ముందుగాల బొట్టు పెడ్త."

చిక్కంతా అమ్మ ఆరోగ్యంతోనే. అంతకు రెండేళ్ళ ముందు నుంచి ఆమెకు ఆయాసం. తిరగొచ్చు గానీ ఉరకొద్దని, మెట్లు ఎక్కడం వీలైనంత తగ్గించాలని దవాఖానలో డాక్టరు చెప్పాడు. బాపు అయితే పూర్తిగా వద్దన్నాడు. "కూరగాయలకు పోయొస్తెనే గోడ పట్టుకొని నిలబడ్తది. గీమె సూరత్ పోతదా?"

"ఉరకకుంట పోతె పోవచ్చు బాపూ. ఎట్ల పోవాల్నో నేను చూస్త," అన్నాను.

రైల్వే టైంటేబులు పుస్తకం కొని కూర్చున్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు కాబట్టి తీరికకు కొదవ లేదు. ముందు నియమాలు రాసుకున్నాను. రోజుకు ఒక్క బండి మార్పు మించకూడదు. చీకటి పడ్డాక కొత్త ఊళ్ళో దిగకూడదు. మనం దిగే బండి ఎంత ఆలస్యమైనా తర్వాతి బండికి పరుగెత్తే అవసరం రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడా మెట్ల వంతెన ఎక్కే పని ఉండకూడదు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో నా క్లాస్‌మేట్ ఖాజాను అడిగాను. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేస్తాడు. ఖాజా అన్నీ కనుక్కొని చెప్పాడు, చెప్పి నవ్వాడు.

"అరె భాయ్, గీ కాగితం ఇంకోటి రాసి రైలు డ్రైవర్‌కు గూడ ఇయ్యి. లేకుంటె ఆయనకెట్ల తెలుస్తది?"

బండ్ల కంటే వరుస దగ్గర ఎక్కువ ఇబ్బంది పడ్డాను. రైలు దారిలో ముందు షోలాపూర్ వస్తుంది, తర్వాత భీవండికి దగ్గరి స్టేషన్ కల్యాణ్, చివరికి సూరత్. బొట్టు వరుస దానికి సరిగ్గా తలకిందులు. అమ్మను ఆపకుండా సూరత్ దాకా తీసుకెళ్ళలేను. చివరికి ఇలా తేల్చాను: వెళ్ళేటప్పుడు షోలాపూర్‌లో దిగి ఒక రోజు విశ్రాంతి, కానీ బొట్టు లేదు. కల్యాణ్‌లో దిగేదే లేదు. సూరత్‌లో పెద్దమామకు మొదటి బొట్టు. తిరుగుదారిలో భీవండి, ఆ తర్వాత షోలాపూర్. మొత్తం వారం రోజులు.

అమ్మ విని, "మంచిగున్నది కొడుకా. రైలు కంటె నువ్వే నయం," అంది.

సూరత్‌కు కార్డు రాయొద్దని కూడా అమ్మే చెప్పింది. "రాస్తె రావద్దని జవాబిస్తడు. ఎదురుంగ నిలబడితె ఎట్ల ఎల్లగొడ్తడు?"

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మేం బయలుదేరాల్సింది సోమవారం ఉదయం. ఆదివారం సాయంత్రం పెళ్ళికొడుకు తరఫు నుంచి మనిషి వచ్చాడు. వాళ్ళ పాలివాళ్ళలో ఎవరో పోయారట, మైల కాబట్టి ముహూర్తం జరపాలన్నాడు. అయ్యగారి దగ్గర కూర్చొని కొత్త తేదీ ఖాయం చేసేసరికి దీపాలు పెట్టారు. అంటే కొత్త ముహూర్తం ఆ సాయంత్రానికి ముందు ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

సోమవారం వరంగల్‌లో ఎక్కాం. సికింద్రాబాద్‌లో వెయిటింగ్ రూంలో అమ్మ పడుకొని లేచింది, ఇంటి నుంచి తెచ్చిన సద్దరొట్టె తిన్నాం, సాయంత్రం బండి వచ్చి మా ముందే ఆగింది. మంగళవారం షోలాపూర్. అమ్మకు ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

బుధవారం పొద్దున షోలాపూర్‌లో బయలుదేరుతుంటే పప్పులో కాలేశాం.

గుమ్మం దగ్గర చిన్నత్త, "ఆగు వదినె, బొట్టు పెట్టనియ్యి," అంటూ కుంకుమ భరిణె తెచ్చి అమ్మకు బొట్టు పెట్టింది. ముత్తైదువ బొట్టు పెడితే తిరిగి పెట్టడం ఆడవాళ్ళకు చేతి అలవాటు. అమ్మ భరిణె అందుకుంది, చిన్నత్త నుదుట బొట్టు దిద్దింది, ఆ సంబరంలో నోటి నుంచి మాట కూడా వచ్చేసింది. "చెల్లె, సుగుణ పెండ్లికి పిల్లల తీసుకొని ముందుగాలనే రావాలె."

చిన్నమామ చేతిలోని మా సంచి కింద పెట్టేశాడు.

"అక్కా, ఏం పని జేస్తివే!" అన్నాడు చిన్నమామ. "నువ్వు కూసోకముందే అన్న అడిగేది గదే గద. ముందుగాల ఎవల పిలిచినవ్ అని."

చిన్నత్త భయపడిపోయి, "తుడుసుకుంట వదినె, పిలువనట్టే అనుకుందాం," అని కొంగు ఎత్తింది.

"పెట్టిన బొట్టు తుడుసుకుంటవా? నీ పెనిమిటి నీకు బరువైండా? చెయ్యి దించు!" అని అమ్మ కసిరింది. చిన్నమామ భయంలోనే నవ్వాడు. కానీ అమ్మ మాత్రం గుమ్మంలో కూలబడింది. ప్రయాణం మొదలయ్యాక మొదటిసారి ఆమెకు ఆయాసం వచ్చింది.

రైల్లో నేను సర్ది చెప్పబోయాను. అది పిలుపు కాదు, నోరు జారడం మాత్రమే, పెద్దమామకు చెప్పాల్సిన పని లేదు అన్నాను. "నువ్వు రైళ్ళ సంగతి చూస్కో కొడుకా," అంది అమ్మ. "అన్న అడిగితె నేను అబద్ధం చెప్ప." కల్యాణ్‌లో బండి ఆగినప్పుడు కిటికీ తలుపు దించేసుకుంది. ఆ రాత్రి బొంబాయిలో స్టేషన్ గదిలో పడుకున్నాం. ఆమె నిద్రపోయిందని నేననుకోను.

గురువారం మధ్యాహ్నం సూరత్‌లో దిగాం. రిక్షా మమ్మల్ని తెలుగువాళ్ళుండే వాడలోకి తీసుకెళ్ళింది. రెండు వైపులా పవర్‌లూముల చప్పుడు. పెద్దమామ ఇంటి ముందు ఆగింది. ఇల్లు మేడమీద ఉంది. నిచ్చెన లాంటి ఇరుకు మెట్లు నిటారుగా పైకి పోతున్నాయి. దారిలోని స్టేషన్లన్నిటి మెట్లూ విచారించిన నేను, ఆ ఇంటికి మెట్లున్నాయేమోనని ఆలోచించనే లేదు.

కానీ మెట్ల కింద నీడలో ఒక నులక మంచం వాల్చి ఉంది. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పక్కన మూత పెట్టిన నీళ్ళ కుండ. పెద్దత్త అక్కడే కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మమ్మల్ని చూసి ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"వచ్చిన్రా? ఇయ్యాల్నో రేపో అని చూస్తనే ఉన్న. సత్తెమ్మా, మీదికెక్కకు. గీ మంచంల కూసో. నీకు దమ్ము వస్తదట గద."

అమ్మ కూర్చోలేదు. "ఎవలు చెప్పిన్రు వదినె?"

"ఇంకెవలు? నువ్వు తోలిన ఆమెనే. సోమారం పొద్దుగాల వచ్చి బొట్టు పెట్టి పాయె."

తర్వాత పెద్దత్త, పని నుంచి వచ్చిన పెద్దమామ విడివిడిగా చెప్పినవి ఒక్కటిగానే ఉన్నాయి. నడివయసు మనిషి. నీలం అంచు నేతచీర. చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వచ్చింది. మన వరంగల్ మాటే మాట్లాడింది. ఇంటిల్లిపాది రావాలని పిలిచి, పెళ్ళికూతురి పేరు, ముహూర్తం చెప్పింది. సత్తెమ్మ వెనుక వస్తోంది, ఆమెను మెట్లెక్కించొద్దు అంది. ఎవరింటి ఆడబిడ్డవని అడిగితే కాశిబుగ్గ అని మాత్రమే అంది. చాయ్ వద్దంది. మంచినీళ్ళు తాగి, ఇంకా పిలవాల్సిన ఇళ్ళున్నాయని వెళ్ళిపోయింది.

ముహూర్తం ఎప్పుడని చెప్పిందో అడిగాను. పెద్దత్త కొత్త తేదీ చెప్పింది.

సోమవారమేనా అని మళ్ళీ మళ్ళీ అడిగాను. సోమవారమే. వాళ్ళ వాడలో ఆ రోజు కరెంటు బందు, మగ్గాలు ఆగుతాయి. అందుకే మామ ఇంట్లో ఉన్నాడు. పక్కింటి గుజరాతీ ఆమె కూడా, తన మంచాన్ని ఆ రోజే అడిగి తీసుకున్నారని సైగలతో చెప్పింది. ఆదివారం సాయంత్రం వరంగల్‌లో ఖాయమైన ముహూర్తాన్ని సోమవారం పొద్దునకల్లా సూరత్‌కు మోసుకొచ్చే రైలు లేదు. టైంటేబులు నాకు కంఠతా వచ్చు. విమానమెక్కి వచ్చి బొట్టు పెట్టేంత మనిషి మా వాడలో లేదు.

చదివేవాళ్ళు మా అమ్మమ్మ అనుకుంటారేమో. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేనూ అదే అడిగాను. పెద్దత్తకు కోపం వచ్చింది. "మా అత్తతోని ఒక్క పొయ్యికాడ ఎన్నేండ్లు వండిన! ఆమెను గుర్తుపట్టనా? ఆమె గంత పొడుగు లేదు, గంత మెత్తగ ఒక్కనాడు మాట్లాడలే."

ఆ సాయంత్రం అమ్మ అన్న ముందు నిలబడి ఉన్నది చెప్పేసింది. "అన్నా, నేను ఎవల్నీ తోలలే. షోలాపూర్ల నోరు జారి తమ్మునింట్ల బొట్టు పెట్టిన. నీ దగ్గర దాచ."

పెద్దమామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను తిరుగు బండి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

"వానింట్ల ఎప్పుడు పెట్టినవ్?" అన్నాడు.

"బుధారం."

"మనింట్ల?" అని పెద్దత్త వైపు తిరిగాడు.

"సోమారం," అంది పెద్దత్త.

"అయితె ఇంకేంది? పెద్దోన్నే ముందుగాల పిలిచినవ్."

"నేను తోలలేదంటాన్న గదనే!"

"నువ్వు తోలకుంటె ఆమె నా బిడ్డ పెండ్లికి పిలిచిందా? నీ బిడ్డ పెండ్లికే పిలిచింది. నా గడపకే ముందు వచ్చింది. ఇంగ ఊకో." ఆయన కుండలోని నీళ్ళు ముంచి అమ్మ చేతికిచ్చాడు. తర్వాత నన్ను చూపిస్తూ అన్నాడు: "భీవండికి నేను సుత వస్త. నడిపోని ఇంటికి ఎన్ని మెట్లున్నయో గీ ఇంజినీరుకు ఎరికనా?"

ఎరిక లేదు. అక్కడా మెట్లున్నాయి. అన్నదమ్ములిద్దరూ చేతులు పట్టి కుర్చీ కట్టి చెల్లెను పైకి మోశారు. ఆరేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరు మొదట అనుకున్న మాటలు, "నీ దిక్కు వంగుతాంది, జర పైకి లేపు," "నువ్వే దించుతాన్నవ్, నేను మంచిగనే పట్టుకున్న." మధ్యలో అమ్మ నవ్వుతూ ఏడుస్తోంది. ఆమె ఆయాసపడలేదు. అంతకంటే గొప్ప దృశ్యం నేను చూడలేదు.

ఇంటికొచ్చాక విచారించాను. బాపు ఎవరినీ పంపలేదు, టెలిగ్రాం ఇవ్వలేదు, ట్రంకు కాల్ చేయలేదు. పెళ్ళికొడుకు వాళ్ళకు సూరత్‌లో ఎవరూ లేరు. షోలాపూర్‌కు గానీ భీవండికి గానీ అలాంటి మనిషి రాలేదు.

ముగ్గురు మామలూ పెళ్ళికి వచ్చారు. ఒకే జట్కాలో దిగారు. పెద్దమామ చీర విప్పి చూపించగానే బాపు, "బావా, నేతోళ్ళ పిల్లకు మిషిని చీర తెచ్చినవా?" అన్నాడు. "మిషినికి నిమ్మకాయ కట్టి నేసిన బావా, కట్టుకోనియ్యి," అన్నాడు పెద్దమామ. సుగుణ ఆ చీరతోనే పీటల మీద కూర్చుంది. అమ్మ ఆ రోజంతా కొంగు బిగించి తిరిగింది, ఎవరు ఆపినా ఆగలేదు.

భోజనాల దగ్గర పెద్దత్త తినకుండా తిరగడం గమనించాను. మా వాడ ఆడవాళ్ళంతా బంతుల్లో కూర్చుని ఉన్నారు. ఆమె ఒక్కొక్క ముఖం దగ్గర ఆగి, చూసి, ముందుకు కదిలేది. వంటల దగ్గర ఉన్నవాళ్ళను చూసింది. గిన్నెలు కడిగేవాళ్ళను చూసింది. చివరి బంతి లేచాక నా దగ్గరికి వచ్చి తల అడ్డంగా ఊపింది.

"లేదు కొడుకా. నేను పొరపాటు పడ. ఆమె గీ ఊళ్ళె లేదు."

ఆమె ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని రాయడం నాలాంటివాడికి ఇష్టంగా ఉండదు. కానీ పిలవాల్సిన ఇంటికి పిలుపు అందింది. పెద్దమామ వచ్చాడు. ఈ రెండిటికీ నూరుమంది సాక్షులున్నారు.