పసుపు బొట్టు పెట్టిన పెట్టె

యూఎస్‌బీ వైరు గుచ్చగానే కంప్యూటర్ టుడుంగుమని చిన్నగా మోగుతుంది. ఆఫీసులో రోజూ వినే మోతే. అయినా విన్నప్పుడల్లా, శ్రీకాకుళంలో మాకు ఫిజిక్సు చెప్పిన సుభద్ర మేడమ్ గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. మా ల్యాబ్ కంప్యూటర్‌కి స్పీకర్లు లేవు. ఉంటే ఆ మోత రాలేదని ఆ రోజే తెలిసేది.

మేడమ్‌ది నౌపడ. వాళ్ళ నాన్నగారు ఉప్పుమడిలో నీళ్ళు చేత్తో తాకి ఎంత చిక్కబడ్డాయో చెప్పేవారట. ఆ చిక్కదనం కొలిచే చిన్న పెట్టె ఒకటి మేడమ్ మాచేత చేయించారు. అది పంపే అంకెను తెర మీద చూపించే పైతాన్ ప్రోగ్రామ్ మాత్రం, మా బెంచీ మీదే కూర్చుని నేర్చుకుని, తానే రాశారు. ఏది మొరాయించినా ఆవిడది ఒకటే ప్రశ్న: "కంగారెట్టకండర్రా. నిన్నటికీ ఇయ్యాల్టికీ ఏటి మారింది? ముందది సెప్పండి."

దసరా ముందు పెట్టె పనిచేసింది. సెలవుల్లో మేడమ్ ఆ ప్రోగ్రామ్‌ను ఇంకా బాగా రావాలని పాతదాని మీదే తిరగరాశారు. రిటైరయ్యే రోజున, నౌపడ నుంచి వచ్చిన వాళ్ళ అన్నయ్య చూస్తుండగా నడిపితే, 'పరికరం దొరకలేదు' అని వచ్చింది.

"పెట్టె మీద దీపం ఎలుగుతంది మేడమ్. వైరు బాగానే ఉన్నాది," అన్నాను.

"అయితే మారింది నా ప్రోగ్రామే గదేటి. తప్పు నాదే," అన్నారు. సాయంత్రం దాకా వెతికినా తప్పు దొరకలేదు.

"పోన్లేయే సుభద్రా, నాన్న సెయ్యే నయం," అని అన్నయ్య నవ్వారు. ఆవిడా నవ్వబోయారు గానీ కళ్ళు తడయ్యాయి. ఆ తర్వాత పైతాన్ ఊసెత్తలేదు.

ఆవిడ చనిపోయాక, ల్యాబ్ ఖాళీ చేస్తున్నవాళ్ళు ఆ పెట్టెనూ ఆవిడ ప్రోగ్రామ్‌నూ నాకిచ్చారు. వైరు దూరే రంధ్రంలో ఎండిన పసుపు కనపడింది. ఆయుధపూజ నాడు మేడమ్ తడిపసుపుతో ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టారు. ఆ రంధ్రంలో కరెంటుకీ అంకెకీ వేరువేరు పిన్నులు; దీపానికి కరెంటు అందింది, అంకెకు దారి మూసుకుపోయింది. ఏం మారిందని అంత తరచి చూసుకున్న మాకు, పూజ కూడా ఒక మార్పేనని తోచనే లేదు. గుండుసూదితో పసుపు గీకి, గ్లాసులో ఉప్పునీళ్ళు కలిపి, నా కంప్యూటర్‌కి వైరు గుచ్చాను. టుడుంగుమంది. అక్షరం మార్చకుండానే ఆవిడ ప్రోగ్రామ్ అంకె చూపించింది.

"మీ తప్పేం లేదు మేడమ్," అని పైకే అన్నాను. వినడానికి ఆవిడ లేరు.

ఇప్పటికీ దసరాకి మా ఆఫీసు యంత్రాలకు నేనే బొట్టు పెడతాను, వైర్ల జోలికి పోకుండా. ఏదైనా మొరాయిస్తే ఆవిడ ప్రశ్నే అడుగుతాను. ఏమీ మారలేదంటే, "పూజ చేశారా?" అంటాను. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.