వదులు తీగల మాణికన్న

మా పై వాటాలో కొత్తగా అద్దెకు చేరిన బ్యాంకు ఉద్యోగి ఆదివారం పొద్దున్నే బేస్ గిటారు సాధన చేస్తాడు. పాట మాకు వినిపించదు. గోడల్లోంచి, నేలలోంచి దిగి వచ్చేది ఆ కింది స్వరం ఒక్కటే. ముందుగా అది అరికాళ్ళకు తెలుస్తుంది, చెవికి తరువాత చేరుతుంది. వంటగట్టు మీద బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి సన్నగా వణుకుతాయి. "వెళ్ళి ఒక మాట చెప్పరాదూ" అంటుంది మా ఆవిడ. నేను వెళ్ళను. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, చెప్పులు విడిచి, పాదాలు రెండూ గచ్చు మీద ఆనించి కూర్చుంటాను. వయసులో ఉన్నప్పుడు బీదరు చుట్టుపక్కల పెళ్ళి పందిళ్ళలో మాణికన్న పక్కన అలాగే ఒట్టి కాళ్ళతో నిలబడేవాణ్ణి.

మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మార్చుకున్న రోజులవి. నేను ఒక దినపత్రికకు బీదరు విలేకరిని. పొద్దంతా డి.సి. ఆఫీసు అనే కలెక్టరు కచేరీ, కోర్టు, మార్కెట్ ధరలు. సాయంత్రమైతే మా ఆర్కెస్ట్రాలో బాంగోలు వాయించేవాణ్ణి. మాణికన్న మాకు బేస్ గిటారు. గంజ్‌లో బెల్లం, పప్పుల టోకు వ్యాపారం చేసే తెలుగు కోమట్ల ఇంటివాడు. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ భుజం మీద తువ్వాలుతో ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. బేస్ గిటారుకు నాలుగే తీగలు, లావుపాటివి. అది పాటకు పునాది వంటిది. ఉన్నంతసేపు ఎవరికీ పట్టదు, లేకపోతే మాత్రం ఏదో కూలినట్టుంటుంది. ఒకసారి మన్నాఏఖేళ్ళిలో పెళ్ళికి వాయిస్తుండగా ఆయన స్పీకరు తీగ ఊడిపోయింది. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులెవరూ గమనించలేదు. పందిరి వెనక నుంచి వంటాయన మాత్రం గరిటె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "గా కింది సప్పుడు ఎందుకు బంద్ చేసిన్రు? నాకు గరిటె నడుస్తలేదు" అన్నాడు. మాణికన్న ఆ మాట ఏడాది పొడుగునా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ గిటారు దుకాణంలో కొన్నది కాదు. నౌబాద్ వడ్లాయన పాత తలుపు టేకుతో చెక్కి ఇచ్చాడు. తీగల కింద ఉండే అయస్కాంతానికి రాగి తీగ చుట్టింది ఖాజా భాయి. ఆయనకు బీదరులోనే రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. స్పీకరు పెట్టె బీరువా అంత ఉండేది. ఉత్త పెట్టెలో స్వరం కడవలో మాట్లాడినట్టు వస్తోందని, మాణికన్న తన దుకాణంలోని గోనెసంచులు మడిచి లోపల కుక్కాడు. మొదట రెండు కుక్కాడు, చాలలేదు. ఇంకొకటి కుక్కాడు, స్వరం పూర్తిగా మూగబోయింది. చివరికి ఒక సంచిని నిలువునా చింపి సగం పెట్టాక తృప్తిపడ్డాడు. తీగలు మాత్రం బొంబాయి నుంచే రావాలి. కందిపప్పు లోడు తీసుకెళ్ళే డ్రైవర్లు తెచ్చిపెట్టేవారు. వాటికి చెమట, మురికి పట్టి స్వరం మొద్దుబారితే విప్పి గిన్నెలో వేసి ఉడకబెట్టేవాడు. అప్పుడు వాళ్ళింట్లో జరిగే గొడవ చూడాలి.

"పప్పు ఉడకవెట్టాల్నా, మీ అన్న తీగలు ఉడకవెట్టాల్నా, నువ్వే చెప్పు మరిదీ" అనేది చంద్రమ్మ వదిన.

"మురికి పోతే గొంతు లేస్తది. నీ గొంతుకు గా అవసరం లేదు, ఎప్పటికి లేసే ఉంటది" అనేవాడు మాణికన్న.

"అగో. వాటికే పెట్టుకో అన్నం గూడ."

గంజ్‌కు సెలవు ఉన్న మధ్యాహ్నాలు మేము ఖాజా భాయి దుకాణంలో చేరేవాళ్ళం. అక్కడ ఒక పాత రికార్డు మిషన్ ఉండేది. దానికి ఖాజా భాయి పెద్ద స్పీకరు తగిలించాడు కనుక, మామూలు రేడియోలో వినబడని కింది స్వరాలు అందులో స్పష్టంగా వినబడేవి. బేస్ వాయించినవాళ్ళ పేర్లు రికార్డు అట్ట మీద ఉండేవి కావు. పాడినవారు, రాసినవారు, సంగీతం కూర్చినవారు, అంతే. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. ఉరికే చేతివాడు గుర్రం. వచ్చిందీ పోయిందీ తెలియనివాడు పిల్లి. అందరికన్నా కింద, అందరికన్నా మెత్తగా, మబ్బు కదిలినట్టు వాయించేవాడు పెద్దాయన.

"గిది గుర్రమే. ఉరుకుతుండు చూడు" అనేవాడు ఖాజా భాయి.

"కాదు భాయి. గుర్రమైతే రెండో చరణంల సకిలిస్తడు. ఈయన ఊపిరి పట్టిండు. పెద్దాయన."

"నీకు ప్రతి రికార్డుల పెద్దాయననే కనవడ్తడు. నీ పెండ్లి రికార్డుల గూడ ఆయననే వాయించిండా?"

పెద్దాయన వాయించిన ఒక హిందీ పాట మీద మాణికన్నకు ప్రాణం. అందులో అట్టడుగున పలికే స్వరం ఆయన గిటారులో దొరికేది కాదు. చాలా రోజులు వెతికి, నాలుగు తీగలనూ హార్మోనియం మీద ఒక మెట్టు దిగేంత వదులు చేశాడు. అప్పుడు దొరికింది. వదులు తీగను గట్టిగా మీటితే చెక్కకు కొట్టుకుని టపటపమంటుంది. అందుకని వేలిని ఆనీ ఆననట్టు ఆనించడం నేర్చుకున్నాడు. అలా పుట్టిందే ఆయన స్వరం. కలబుర్గి దాకా ఎన్నో ఆర్కెస్ట్రాలు విన్నాను, అటువంటిది ఇంకెక్కడా వినలేదు. పాడేవాడి గొంతు ఎంత సాధారణమైనదైనా దాని మీద నిలబడితే నిండుగా వినిపించేది. నేను బాంగోల మీద చేతివాటం చూపించబోతే నెమ్మదిగా అనేవాడు. "పాడేటోనికి జర జాగ ఇడువు తమ్మీ. నువ్వు అంతట నువ్వే ఉంటే ఆయన యాడ నిలవడాలె?" నేను వార్తలు రాయడం ఆ మాటతోనే నేర్చుకున్నానని తరువాత తెలిసింది.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే. పెద్దాయనను కలవాలి. ఆయన ముందు ఆ పాట వాయించి, "సరిగ్గా పట్టుకున్నావు" అనిపించుకోవాలి. వదిన కూడా ఆ పేరును ఇంటి పెద్దల పేరులాగే పలికేది.

బొంబాయి నుంచి ఒక సంగీత బృందం హైదరాబాదుకు వస్తోందని మా పత్రికాఫీసు నుంచి తెలిసింది. వాకబు చేస్తే, ఆ పాటకు బేస్ వాయించినాయనే ఆ బృందంలో ఉన్నాడన్నారు. చెప్పగానే మాణికన్న దుకాణం తమ్ముడికి అప్పగించి, ఒక బెల్లం అచ్చు కొత్త గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాడు. నేను తోడు వెళ్ళాను. హాలులో మధ్యాహ్నం సాధన జరుగుతోంది. పెద్దాయన నెరిసిన జుట్టు మనిషి, నెమ్మదస్తుడు. మాణికన్న కాళ్ళకు మొక్కి బెల్లం చేతిలో పెట్టాడు. ఆయన నవ్వి, తన గిటారే తీసి ఇచ్చి, "ఏది వస్తే అది వాయించు" అన్నాడు హిందీలో.

మాణికన్న ఒడిలో పెట్టుకున్నాడు. అడగకుండానే నాలుగు తీగలూ చెవితో చూసుకుంటూ వదులు చేశాడు. చుట్టూ ఉన్న వాయిద్యగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత ఆ పాట మొదటి నుంచి చివరి దాకా వాయించాడు. మధ్యలో తబలా సరిచేసుకుంటున్నాయన సుత్తి పక్కన పెట్టడం నేను చూశాను.

"తీగలెందుకు వదులు చేశావు?" అని అడిగాడు పెద్దాయన.

"మీరు వాయించింది గక్కడనే గదా సాబ్."

ఆయన గిటారు తీసుకుని, తీగలు బిగించి, అదే పాట వాయించి చూపాడు. చురుకుగా, శుభ్రంగా ఉంది. ఎంతో బాగుంది. కాని అది మేము ఇన్నాళ్ళూ విన్నది కాదు. "నేను వాయించింది ఇది. నీ రికార్డు మిషన్ మెల్లగా తిరుగుతోంది భాయి. పాటంతా ఒక మెట్టు కిందికి జారింది" అన్నాడు. ఎవరో ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. గిటారు మళ్ళీ మాణికన్నకు అందిస్తూ, "నీది ఇంకొకసారి వాయించు. అలాగే, వదులు చేసి" అన్నాడు. ఆయన ముఖం నేను చూశాను. అందులో వెటకారం లేదు. మాణికన్న తలెత్తలేదు. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్" అని, తన వేళ్ళు తగిలిన చోటల్లా తువ్వాలుతో తుడిచి, గిటారు తిరిగి ఇచ్చేశాడు. బస్సెక్కే ముందు సంగీత వాయిద్యాల దుకాణంలో ఆగి, శ్రుతి చూసుకునే చిన్న పీక ఒకటి కొన్నాడు.

మన్నాఏఖేళ్ళిలో బస్సు ఆగితే దిగి టీ తాగాం.

"అన్నా, ఆయన మళ్ళ వాయించమన్నడు. నవ్వెటందుకు అడగలే" అన్నాను.

"పెద్దమనిషి. నా మనసు కష్టపడొద్దని అన్నడు."

"ఆ స్వరం ఆయనది కాదని తేలింది గదా. అంటే అది నీదే అయితది."

మాణికన్న టీ ఊదుకున్నాడు. "తూకంల తేడా వస్తే, గా తేడా నాదే అని సంబరపడ్తమా తమ్మీ? ఇన్నేండ్లు తక్కువ రాయితోని తూచిన. దాన్నే అందరు మంచిగుంది మంచిగుంది అన్నరు."

ఆయన అలా ఎందుకన్నాడో గంజ్ తెలిసినవారికే అర్థమవుతుంది. వాళ్ళ నాయన తూకపు రాయి అంచు ఏ కాస్త పెచ్చు ఊడినా, కొనేవాళ్ళ ఎదుటే సుత్తితో పగలగొట్టేవాడట. ఆ ఇంటి పరువు ఆ రాళ్ళ మీద నిలిచింది. అటువంటి ఇంటివాడికి నేను ఓదార్పుగా చెప్పిన మాట ఇంకొంచెం అవమానంగానే తోచి ఉంటుంది.

ఖాజా భాయి మిషన్ విప్పి చూశాడు. మోటారు ఇరుసు మీది ఇత్తడి తొడుగు అరిగితే ఎప్పుడో లేతు మీద కొత్తది చేయించాడు. అది వెంట్రుకవాసి సన్నగా రావడంతో రికార్డు మెల్లగా తిరిగేది. మరొకటి చేయించి బిగించాక రికార్డు పెట్టాం. హైదరాబాదులో విన్న పాటే వచ్చింది. ముగ్గురం చివరిదాకా విన్నాం. మాణికన్న ఇంటికి వెళ్ళి, ఆ పీక ఊదుకుంటూ తన తీగలన్నీ బిగించాడు.

ఆ తరువాత ఆయన వాయించిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. బిగువు తీగను గట్టిగా మీటక తప్పదు. వేలు గట్టిపడింది, ఆ మెత్తదనం పోయింది. పాడేవాళ్ళకు ఎందుకో గొంతు పలచబడినట్టుండేది. కారణం వాళ్ళకు తెలియదు. తట్టుకోలేక ఖాజా భాయి ఒకరోజు దుకాణంలోనే అడిగేశాడు.

"మిషన్ మళ్ళ పాడు చేస్త మాణిక్. పాత తొడుగు నా డబ్బాలనే ఉంది. నువ్వు మాత్రం మునుపటి లెక్క వాయించు."

"తెలిసినంక తప్పు రాయి చేతుల పట్టుకుంటనా భాయి?"

"అరె, సంగీతం బెల్లమా తూచడానికి?"

"నాకు రెండూ ఒక్కటే. ఏం చేస్త, గట్ల పుట్టిన" అని నవ్వాడు మాణికన్న. ఆ నవ్వు చూశాక ఖాజా భాయి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మెల్లగా దుకాణంలో పని ఎక్కువైందనడం మొదలుపెట్టాడు. ఒక పెళ్ళికి రాలేదు, తరువాత రెండింటికి. గిటారు బస్తాల వెనక గోడకు చేరింది. ఎలుకలు దాని రాగి తీగ చుట్టను కొరికేశాయి. ఖాజా భాయి దగ్గర టేపు మిషన్ ఉండేది. ఆ పాత స్వరాన్ని ఎన్నడూ దానిలోకి ఎక్కించుకోలేదు. రేపు ఎక్కిద్దాంలే అనుకుంటూ ఉండేవాళ్ళం. నాకు హైదరాబాదు డెస్కుకు బదిలీ అయింది.

జబ్బు ముదిరిందని కబురు వస్తే చూడడానికి వెళ్ళాను. మనిషి సగమయ్యాడు. "పొద్దుమాపు దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తనే ఉంటడు మరిదీ. ఏమన్న కావాల్నా అంటే వద్దంటడు" అంది వదిన. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయన నా ముంజేయి అందుకుని, దాని మీద వేళ్ళు ఆడించసాగాడు. ఏ పాటో రెండు వరసల్లోనే తెలిసిపోయింది. వేలు ఆనీ ఆననట్టు ఆనుతోంది.

"ఇది ఏ తూకం అన్నా?" అన్నాను.

"పండుకున్నోనికి తూకమేంది తమ్మీ" అన్నాడు. వేళ్ళు ఆగలేదు. ఆ వరస పూర్తయ్యాక కళ్ళు తెరిచి అడిగాడు. "గది మంచిగనే ఉండె గదా?"

"ఉండె అన్నా. చానా మంచిగుండె."

"తప్పే. గానీ మంచిగుండె" అన్నాడు. అన్నాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ నెల దాటలేదు.

నా ఉద్యోగమంతా ఇతరుల రాతలో తప్పులు దిద్దడంలోనే గడిచింది. ఊళ్ళ నుంచి వచ్చే వార్తల్లో ఎక్కడైనా వింతగా నడిచే వాక్యం ఎదురైతే, కొట్టేసే ముందు ఒకసారి పైకి చదువుకునేవాణ్ణి. చాలాసార్లు అది తప్పే. ఎప్పుడో ఒకటి, దాన్ని సరిచేస్తే రాసినవాడే అందులో ఉండడనిపించి, అలాగే అచ్చుకు పంపేవాణ్ణి. ఎందుకు వదిలావని పైవాళ్ళు అడిగితే, దాన్నే మరొకసారి పైకి చదివి వినిపించేవాణ్ణి.

ఆ పాట ఇప్పటికీ అప్పుడప్పుడు ఏ హోటల్లోనో, ఏ ఆటోలోనో వినబడుతుంది. సరైన వేగంలో, సరైన శ్రుతిలోనే వస్తుంది. నాకు మాత్రం అది ఎక్కడికో తొందరపడి పోతున్నట్టుంటుంది. నా చెవి దాన్ని వదిలి ఒక మెట్టు కిందికి దిగి వెతుకుతుంది. అక్కడ ఎవరూ ఉండరు.