మూడోసారి అడగని డాక్టరమ్మ

హా అనే కొండలోయలో, ఇంట్లో పర్యాటకులకు బస ఇచ్చి బతికే గ్యెమ్ బిదాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది. ఉండదా మరి? అతిథులు వచ్చినప్పుడల్లా గ్యాస్ పొయ్యిని గుడ్డ కప్పి దాచేసి, కట్టెల పొగలో కళ్ళు నులుముకుంటూ వండాలి. పాతకాలం చూద్దామని వచ్చినవాళ్ళకు పాతకాలమే చూపించాలట. అదంతా ఓర్చుకుంది. ఆ పొద్దున మాత్రం ఓర్చుకోలేకపోయింది.

ఆమె తల్లి పెమ్‌కు రెండు కళ్ళకూ పొర కమ్మేసింది. కూతుర్ని గొంతును బట్టే పోల్చుకుంటుంది. ఇంట్లో దిగిన విదేశీ డాక్టరమ్మ రాజధాని థింపూలో కంటి ఆపరేషన్లు చేయడానికి వెళుతోంది. తన కారులోనే తీసుకెళ్ళి ఆపరేషన్ చేస్తానని ముందురోజు తన గైడు చేత పెమ్‌ను రెండుసార్లు అడిగించింది. పెమ్ రెండుసార్లూ అరచేత్తో నోరు కప్పుకుని వద్దంది. అప్పుడు గ్యెమ్ పొలంలో ఉంది. ఈ సంగతి ఇప్పుడు, కారులో సామాను సర్దుతూ గైడు ఫుబ్ చెబితే తెలిసింది.

"డాక్టరమ్మ తెగ మెచ్చుకుందక్కా. ఉన్నదాంతో తృప్తిపడే మనుషులట మనం. పెద్దావిడ మాటను గౌరవించాలని ఇంక అడగలేదంట."

గ్యెమ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మూడోసారి అడగాలని నువ్వు చెప్పలేదా?"

"ఆవిడ అడిగింది, ఈవిడ వద్దంది. మధ్యలో నేనేం చెప్పను?"

"ఈ దేశంలో పుట్టినోడివేనా నువ్వు? మీ అమ్మ మొదటి పిలుపుకే కంచం ముందు కూర్చుంటుందా? మా అమ్మ నేను పోసిన టీ కూడా రెండుసార్లు వద్దన్నాకే తాగుద్ది. కోటల గురించి గంటలు గంటలు వాగుతావే, ఈ ఒక్క ముక్కకి నోరు పడిపోయిందా?"

"అతిథుల్ని మనం ఏదీ అడక్కూడదని టూరిజం వాళ్ళు అన్నారు కదక్కా."

"నువ్వు అడక్కు. నేనడుగుతా."

విసురుగా వెళ్ళి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. తనకొచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కల్లో అమ్మనీ కారునీ చూపించింది. ఆమె అర్థంకాక ఫుబ్ వైపు చూసింది. వాడు తల దించుకుని, ఆలస్యంగానైనా ఇక్కడి మర్యాద సంగతి చెప్పాడు. డాక్టరమ్మ మొహం వాడిపోయింది. లోపలికెళ్ళి పెమ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ అడిగింది.

పెమ్ అలవాటుగా నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసింది. "మీరింతగా అంటుంటే కాదంటానా తల్లీ."

గ్యెమ్ కోపంగానే అమ్మ బట్టలు సర్దబోయింది.

"అక్కర్లేదే. నా పరుపు కింద మూట ఉంది, తీసుకురా," అంది పెమ్.

"ఎప్పుడు కట్టావమ్మా?"

"నిన్న ఆవిడ మొదటిసారి అడగ్గానే."